వానలు దిగకముందే వాక్‌మన్ విప్పండి: మొండి స్క్రూల దగ్గర పడాల్సిన జాగ్రత్తలు

బరంపురంలో మే చివరికి వచ్చేసరికి గాలి బరువెక్కుతుంది. గోపాల్‌పూర్ సముద్రం మనకి సుమారు 15 కిలోమీటర్లే. ఆ ఉప్పుతేమ బీరువా తలుపు సందుల్లోంచి కూడా లోపలికి దూరుతుంది. జూన్ నడిమికి నైరుతి వానలు దిగాయంటే పాత సెట్ల స్క్రూలకి ఇంకో పొర తుప్పు పడుతుంది. అందుకే విప్పాల్సిన వాక్‌మన్ ఇంట్లో ఉంటే ఇప్పుడే విప్పమని అందరికీ చెబుతున్నాను.

విప్పే అవసరం చాలామందికి ఒకే దారిలో వస్తుంది. సర్దుతుంటే ఏదో క్యాసెట్టు బయటపడుతుంది. మా పక్కవీధి పిన్నిగారికి వాళ్ళ అమ్మగారు పాడిన మంగళహారతులు దొరికాయి. రెండోవైపు రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఎవరో పట్టుకున్న డప్పుల మోత. "బాబూ, ఒక్కసారి మోగితే చాలురా" అన్నారు. ఆవిడ సెట్టులో బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. బెల్టు మార్చడం పెద్ద పని కాదు. వెనక మూత స్క్రూల్లో ఒకటి ససేమిరా కదలలేదు, పెద్ద పని అదే. ఆ స్క్రూ తల మొదటి తిప్పులోనే చెడిందంటే ఇక ఆ తరవాత చేసేదంతా నష్టాన్ని తగ్గించుకోవడమే. కాబట్టి జాగ్రత్త అంతా ఆ మొదటి తిప్పుకు ముందే ఉండాలి.

అన్నిటికన్నా ముందు స్క్రూడ్రైవర్ సంగతి. ఇది తెలియకే ఎక్కువ సెట్లు పాడవుతున్నాయి. సోనీవాళ్ళ మొదటి వాక్‌మన్ టీపీఎస్-ఎల్2 జపాన్‌లో 1979 జూలై 1న వచ్చింది. ఆ తరవాత మన ఇళ్ళకి చేరిన సోనీ, ఐవా, పానాసోనిక్ సెట్లలో కూడా చాలావాటికి జపాను కొలత స్క్రూలే ఉంటాయి. దాన్ని జేఐఎస్ అంటారు. పైకి చూస్తే మనం 'స్టార్' అని పిలిచే ఫిలిప్స్ గాడిలాగే కనిపిస్తుంది. కానీ ఫిలిప్స్ మొన దాని అడుగుదాకా దిగదు. పైపైన ఆనుకుని, కాస్త బలం పెట్టగానే ఎక్కి జారుతుంది. జారినప్పుడల్లా గాడి అంచుల్ని కొంచెం కొంచెం కోసేస్తుంది. నేను మొదటిసారి విప్పిన సెట్టుని సరిగ్గా ఇలాగే పాడుచేశాను. బలం చాలలేదేమో అనుకుని ఇంకా గట్టిగా తిప్పాను, గాడి గుండ్రంగా గుంటపడిపోయింది. తప్పు బలంలో లేదు, మొనలో ఉంది.

జేఐఎస్ అని ముద్ర ఉన్న 00, 0 సైజు డ్రైవర్లు రెండూ కొనండి. వెసెల్ లాంటి జపాను కంపెనీలవి ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఈ సెట్లలో స్క్రూ మర మందం సాధారణంగా 1.4 నుంచి 2 మిల్లీమీటర్లు. ఇంత సన్నటి వాటికి బజారులో దొరికే ముప్ఫై రెండు బిట్ల పెట్టె పనికిరాదు, ఆ బిట్ల లోహం మెత్తన. కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక. సెట్టుని బల్లమీద పెట్టి డ్రైవర్ని గాడిలో నిలబెట్టి, మొదలు దగ్గర వేలితో అటూ ఇటూ కదపండి. పాతినట్టు నిలిస్తే సరైనది. ఊగుతుంటే సైజు మార్చండి. ఊగే డ్రైవర్‌తో ఒక్క తిప్పు కూడా వద్దు.

ఇక బల్ల సిద్ధం చేసుకోవడం. సెల్లు తీసేయండి, అడాప్టర్ ఊడదీయండి. రెండు పెన్సిల్ సెల్లతో నడిచే 3 వోల్టుల సెట్టు షాకు కొట్టదు గానీ, కరెంటుతో నడిచే టూ-ఇన్-వన్ విప్పుతుంటే ప్లగ్గు గోడ నుంచి పీకేదాకా చెయ్యి పెట్టకండి. అంచులున్న స్టీలు పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి దానిమీద పని చేస్తే రాలిన స్క్రూ కనబడుతుంది. కింద మడతపెట్టిన తువ్వాలు ఉండాలి. మనం పైనుంచి గట్టిగా నొక్కబోతున్నాం, ఆ బరువు క్యాసెట్టు తలుపు అద్దంమీద పడితే చిట్లుతుంది. ఒక కాగితంమీద సెట్టు బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూని దాని చోటే టేపుతో అంటించండి. అన్నీ ఒకే పొడుగు ఉండవు. పొడుగుది పొట్టిదాని రంధ్రంలో వేసి బిగిస్తే లోపలి బోర్డునో, పై మూతనో పొడుచుకుపోతుంది.

అయస్కాంతం మొన ఉన్న డ్రైవర్ గురించి విడిగా చెప్పాలి. బయటి మూత వరకు ఫరవాలేదు. మూత తీశాక హెడ్డు (టేపుని చదివే భాగం) దగ్గరికి దాన్ని రానివ్వకండి. హెడ్డుకి అయస్కాంతం పట్టిందంటే పాటలో బుస్సుమనే రొద పెరుగుతుంది, సన్నటి స్వరాలు మొద్దుబారతాయి. పైగా అలాంటి హెడ్డుమీద తిప్పిన ప్రతి క్యాసెట్టూ కొంచెం కొంచెం చెరిగిపోతుంది. పిన్నిగారి అమ్మగారి గొంతు ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టులో. అందుకని డ్రైవర్ని, క్యాసెట్లని ఒక బల్లమీద ఉంచను.

గాడిలో మట్టి, పాత రంగు గట్టిపడి ఉంటాయి. కుట్టుసూదితో గీకి, ఊది, భూతద్దంలో చూడండి. తరవాత డ్రైవర్ని నిటారుగా పెట్టి, అరచేతిని పిడిమీద ఆనించి, చేతి బలంలో ముప్పాతిక వంతు కిందికి నొక్కడానికే పెట్టండి, తిప్పడానికి మిగిలిన పావు చాలు. నేరుగా వదులు చెయ్యకుండా ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పండి. ఏళ్ళుగా పట్టిన తుప్పుపొర అక్కడ విరుగుతుంది, టిక్కుమని చేతికి తెలుస్తుంది. అప్పుడు వెనక్కి తిప్పండి. మొన జారినట్టు అనిపించిన క్షణమే ఆపేయండి. ఇంకో ప్రయత్నం చేద్దామనే తొందరే స్క్రూ తలని తినేస్తుంది.

అప్పటికీ కదలకపోతే ముందు చూడాల్సింది, ఆ స్క్రూ దేనిలోకి దిగి ఉంది అని. ఇనుప చట్రంలోకా, ప్లాస్టిక్ దిమ్మెలోకా? మందు దీన్నిబట్టి మారుతుంది.

చట్రంలో ఉన్న స్క్రూల తలమీద ఎర్రగానో, పచ్చగానో రంగుచుక్క కనిపిస్తే అది కదలకుండా ఫ్యాక్టరీలోనే వేసిన జిగురు. దానికి వేడి పనిచేస్తుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనని తలమీద పది, పదిహేను సెకన్లు ఆనించి, వేడి చల్లారకముందే తిప్పండి. ప్లాస్టిక్ దిమ్మెలోకి దిగినదానికి మాత్రం వేడి పెట్టకండి. మర కరిగి మూసుకుపోతుంది. దిమ్మెలో ఇత్తడి బుడిపె పొదిగి ఉంటే అది సైతం వదులై స్క్రూతోపాటే గిరగిరా తిరుగుతుంది, ఆ తరవాత దాన్ని తీయడం నరకం.

అసిటోను, థిన్నర్ ఆ రంగుని కరిగిస్తాయి, నిజమే. సెట్టు బాడీని కూడా కరిగిస్తాయి. ఆ వాసనలున్న గదిలో వేడి ఐరన్ ఉంటే నిప్పు అంటుకుంటుంది. నేను రెండూ మానేశాను. మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చుక్క చాలాసార్లు సరిపోతుంది. తుప్పుకి నూనె వేయాల్సి వస్తే డబ్బా నుంచి స్ప్రే కొట్టకండి. అది పాకి బెల్టుమీదకి, రబ్బరు రోలర్‌మీదకి చేరితే టేపు జారి పాట ఊగుతుంది. సూదిమొనతో ఒక్క చుక్క తల అంచున పెట్టి రాత్రంతా వదిలేయండి. పిన్నిగారి స్క్రూ రెండు రాత్రులు పట్టింది. మూడోరోజు పొద్దున్న చప్పుడు లేకుండా తిరిగింది.

సెల్లు పెట్టే గదిలో తెల్లపొడి పేరుకుని, దాని పక్కనున్న స్క్రూ పట్టేసి ఉంటే నిమ్మరసం వేసేయమని అందరూ చెబుతారు. అది ఆల్కలైన్ సెల్లు కారినప్పటి మాట. వాటి నుంచి వచ్చేది క్షారం, దానికి పులుపు విరుగుడు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే మామూలు జింకు సెల్లు కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్న ద్రవం, దానికి నిమ్మరసం పోస్తే ఇంకా తింటుంది. వంట సోడా నీళ్ళలో దూదిపుల్ల ముంచి తుడవాలి. సెల్లు ఏవో పైనున్న కాగితం చదివి తేల్చుకోండి. ఏది వాడినా ఆఖరున ఐపీఏతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి.

తల ఇప్పటికే చెడిన స్క్రూ అయితే బండి మెకానిక్కుల దగ్గర ఉండే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు ఆవగింజంత మొనకి రాసి నొక్కండి, ఆ గరుకు పట్టునిస్తుంది. తల మూత పైకి ఉబ్బెత్తుగా ఉంటే పదునైన నిప్పర్‌తో పక్కలనుంచి పట్టి తిప్పవచ్చు. సన్నటి ఆకురాయితో తలమీద గీత కోసి మైనస్ డ్రైవర్‌తో తిప్పడం కూడా ఉంది. కానీ రాలే ఇనప రజను హెడ్డుకి, మోటారుకి అతుక్కుంటుంది కాబట్టి చుట్టూ టేపు వేశాకే మొదలుపెట్టాలి, కళ్ళద్దాలు తప్పనిసరి. గ్లూ చుక్కతో డ్రైవర్నే స్క్రూకి అంటించేయమనే సలహా వింటుంటాను. ఆ గ్లూ మరల్లోకి జారితే ఆ స్క్రూ ఇక ఆ సెట్టులోనే ఉండిపోతుంది. నేను చెయ్యను, ఎవరినీ చెయ్యమనను.

కదపకూడని మొండి స్క్రూ కూడా ఒకటుంది. హెడ్డుకి పక్కన, కొన్నింట్లో చిన్న స్ప్రింగుమీద, రంగు వేసి ఆపిన స్క్రూ అది. టేపుకి హెడ్డు ఎంత నిటారుగా ఉండాలో అదే నిర్ణయిస్తుంది. మూత తీయడానికి దానితో పనే లేదు. దాన్ని తిప్పితే ప్రతి పాటా గుడ్డకప్పినట్టు వినిపిస్తుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా వీధిలో తడిసిన సెట్లని చాలామంది మూత తీయకుండానే ఎండలో పెట్టారు. నెల తరవాత నా దగ్గరికి వచ్చినవాటిలో సగం స్క్రూలు తల కూడా మిగలకుండా తుప్పుపట్టాయి. తడిసిన సెట్టుకి ఎండకన్నా ముందు స్క్రూడ్రైవర్ కావాలి. ఆరోజే విప్పి, మంచినీళ్ళతో ఉప్పు కడిగి, ఐపీఏతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టాలి.

తిరిగి బిగించేటప్పుడు ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూని ముందు వెనక్కి తిప్పండి. పాత మరలోకి దిగి టక్కుమన్నాక ముందుకి తిప్పితే కొత్త గాడి కోయదు. చెయ్యి ఆగినచోట ఆపండి. తల తినేసిన స్క్రూని మళ్ళీ వాడకండి, పాడైన మొబైల్, కెమెరాల తుక్కులో సరిపోయేది దొరుకుతుంది. చట్రం స్క్రూలమీద గోళ్ళరంగు చిన్న చుక్క చాలు, రేపు తీయాలంటే గోటితో లేస్తుంది. సెల్లు తీసి విడిగా పెట్టి, సెట్టుతోపాటు సిలికా జెల్ పొట్లం ఒకటి మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. పిన్నిగారి సెట్టు ఇప్పుడు వాళ్ళ దేవుడి గది పైఅరలో అలాగే ఉంది, శుక్రవారాలు మాత్రం బయటికి వస్తుంది.