సర్ఫేస్ మోడల్‌ను సాలిడ్‌గా మార్చడం: గ్యాప్‌ను దాచొద్దు, సరిచేయండి

తెర మీద నిండుగా కనిపించిన క్యాడ్ మోడల్, సెక్షన్ వ్యూ (కోసి లోపల చూపే వ్యూ) పెట్టగానే డొల్లగా తేలుతుంది: అది లోపల నిండిన సాలిడ్ కాదు, మందం లేని సర్ఫేస్‌ల కూర్పు. ఐజీఈఎస్ (సాఫ్ట్‌వేర్‌ల మధ్య మోడళ్లు పంపుకునే ఒక ఫార్మాట్) ఫైళ్లలో ఇది మామూలే. వాటిలో ఫేస్‌లు (ఉపరితలపు ముక్కలు) ఎక్కువగా విడివిడిగానే వస్తాయి; ఏ ఎడ్జ్ (అంచు) దేనికి అతుక్కోవాలో ఫైల్‌లో ఉండదు. క్యామ్‌లో (మెషీనింగ్‌కు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్‌లో) సర్ఫేస్‌ల మీద కూడా టూల్‌పాత్ (కోసే టూల్ నడిచే దారి) వేయొచ్చు గానీ, బరువు లెక్కకైనా, షెల్ చేయడానికైనా (లోపల తొలిచి పలుచని గోడ మిగల్చడం), మోల్డ్‌లో కోర్, కావిటీ (అచ్చు రెండు సగాలు) విడదీయడానికైనా సాలిడ్ ఉంటేనే పని సాఫీగా సాగుతుంది.

ముందు ఫైల్ పంపినవాళ్లను స్టెప్ గానీ పారాసాలిడ్ గానీ (సాలిడ్‌ను సాలిడ్‌గానే పంపగల ఫార్మాట్‌లు) అడగండి. వాళ్ల దగ్గర సాలిడే ఉంటే మీకు ఈ తిప్పలే ఉండవు. లేదంటే, ఫైల్ తెరిచి తెలిసిన కొలత ఒకటి చూడండి. 25.4 రెట్లు తేడా వస్తే అంగుళాలు, మిల్లీమీటర్లు తారుమారయ్యాయని అర్థం. టాలరెన్స్ (ఎంత గ్యాప్ వరకు ఎడ్జ్‌లను అతికించొచ్చో చెప్పే హద్దు) ముట్టుకునే ముందే దీన్ని సరిచేయాలి.

తర్వాత శుభ్రం చేయడం. డిజైనర్ సాయానికి గీసుకున్న సర్ఫేస్‌లు తీసేయండి. అనుమానమున్న ఫేస్‌ను హైడ్ చేయండి. దాని కింద అలాంటిదే ఇంకొకటి కనిపిస్తే అది డూప్లికేట్. అది ఉంటే ఒకే ఎడ్జ్‌కు మూడు ఫేస్‌లు తగులుతాయి, సాలిడ్ తయారవదు.

ఇక అతకడం. సాలిడ్‌వర్క్స్‌లో నిట్, ఫ్యూజన్‌లో స్టిచ్, రైనోలో జాయిన్. ఫ్రీక్యాడ్‌లో షేప్ బిల్డర్‌తో ముందు ఫేస్‌ల నుంచి షెల్ (ఇక్కడ అతికిన ఫేస్‌ల తొడుగు), ఆపై షెల్ నుంచి సాలిడ్. టాలరెన్స్ 0.01 మి.మీ.తోనో అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఓపెన్ ఎడ్జ్‌లు (పక్క ఫేస్‌కు అతకని అంచులు) చూపించమనండి. రైనోలో వీటినే నేకెడ్ ఎడ్జ్‌లంటారు. ఒక్కటి మిగిలినా అది ఇంకా సాలిడ్ కాదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గ్యాప్ మూసుకోలేదని టాలరెన్స్‌ను 0.1కో, 0.5కో పెంచేస్తారు. సాలిడ్ వచ్చేస్తుంది, కానీ గ్యాప్ పోదు, ఎడ్జ్‌లో దాక్కుంటుంది. రేపు ఫిల్లెట్ (అంచును గుండ్రం చేయడం) వేసినప్పుడో, షెల్ చేసినప్పుడో బయటపడుతుంది. పైగా టాలరెన్స్ కంటే పొట్టి ఎడ్జ్‌లు కుదించుకుపోయి చిన్న ఫేస్‌లే మాయం కావచ్చు. అందుకే టాలరెన్స్ ఎప్పుడూ మోడల్‌లోని అతి చిన్న ఎడ్జ్ కన్నా బాగా తక్కువ ఉండాలి. రైనోలో జాయిన్‌ఎడ్జ్ కమాండ్‌దీ ఇదే కథ: జామెట్రీ కదలదు, అతికినట్టు కనిపిస్తుందంతే.

చేయాల్సిన పని గ్యాప్ ఎందుకొచ్చిందో చూడటం. ఉదాహరణకు మూడు ఫిల్లెట్‌లు కలిసే మూల తీసుకోండి. అక్కడ వెంట్రుకంత సన్నని ముక్కోణపు ఫేస్ ఒకటి ఇరుక్కుని ఉంటుంది. దాన్ని సాగదీసి లాభం లేదు. దాన్నీ, చుట్టూ చెడిన ముక్కలనూ డిలీట్ చేసి, పక్క ఫేస్‌లను ఎక్స్‌టెండ్ చేసి ఒకదానితో ఒకటి ట్రిమ్ చేయండి. అప్పటికీ మిగిలిన రంధ్రాన్ని టాంజెంట్ షరతుతో (పక్క ఫేస్‌లతో మడత లేకుండా కలిసేలా) ప్యాచ్ వేసి మూయండి. వీలైతే ఆ రంధ్రానికి నాలుగు వైపులు ఉండేలా చూసుకుంటే ప్యాచ్ నునుపుగా కూర్చుంటుంది. పెద్ద వంపు ప్రాంతాన్ని మాత్రం ఒకే ప్యాచ్‌తో కప్పేయకండి, డిజైన్ ఆకారమే మారిపోతుంది.

మూసుకోని పలుచని షీట్ అయితే థికెన్ చేయాలి, అంటే దానికి మందం ఇవ్వాలి. ఏ వైపు ముఖ్యమో ముందు తేల్చుకుని, మందం రెండో వైపుకి ఇవ్వండి. మందం పెరిగే వైపుకే వంగిన చోట వ్యాసార్థం 2 మి.మీ. ఉండి, మీరు 3 మి.మీ. అడిగితే ఆఫ్‌సెట్ (మందం మేర జరిపిన సర్ఫేస్) తనను తానే కోసుకుని ఫెయిలవుతుంది. ఆ ఫిల్లెట్ తీసేసి, థికెన్ చేశాక మళ్లీ వేసుకోవడమే దారి.

చివర్లో ఘనపరిమాణం చూడండి. మైనస్ వస్తే నార్మల్స్ (ఫేస్‌కు బయటి వైపు ఏదో చూపే దిశలు) లోపలికి తిరిగినట్టు. ఫ్లిప్ చేస్తే చాలు. రెండు మూడు చోట్ల సెక్షన్ కోసి, పాత సర్ఫేస్‌లతో డీవియేషన్ (ఎంత తేడా వచ్చిందో) పోల్చండి. స్టెప్‌గా సేవ్ చేసి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. అక్కడా ఒకే సాలిడ్‌గా వస్తే మెషీనింగ్‌కు పంపొచ్చు. మీరు తిరిగి కట్టిన ఫేస్‌లు ఏవో రంగు వేసి డిజైనర్‌కు చూపించి, ఒప్పుకున్నాకే టూల్‌పాత్ మొదలుపెట్టండి.