ఆడుతూ ఆలోచించడం – 4వ పాఠం: తలుపు ఏ పక్క నుంచి తెరవాలి?

ఈ పాఠం ‘ది టాలోస్ ప్రిన్సిపల్’ అనే పజిల్ వీడియో గేమ్‌లోని లేజర్ల గురించి కావలసింది. కానీ గతవారం మీరు రాసినవి చదివాక వాటిని వాయిదా వేస్తున్నాను.

ఆ ఆట మొదలుపెట్టి, అందులోని కంప్యూటర్ టెర్మినల్‌లో మిల్టన్ అనే ప్రోగ్రామ్ అడిగే ప్రశ్నలకు జవాబులివ్వమన్నాను. చాలామంది “సరైన జవాబులు చెప్పండి, మళ్ళీ మొదటి నుంచి ఆడతాం” అని అడిగారు. అక్కడ మార్కులు లేవు. వ్యక్తి అంటే ఎవరో చెప్పమంటాడు మిల్టన్. మీరు ఏ నిర్వచనం ఎంచుకున్నా అందులో లొసుగు వెతుకుతాడు. మొన్న చెప్పినదానికీ నేడు చెప్పినదానికీ పొంతన లేకపోతే పట్టుకుంటాడు. చిక్కుబడ్డామని కంగారుపడకండి, ఆట పనిచేస్తున్నదన్నమాట.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. రెండు జామర్ల (గురిపెట్టినంతసేపూ గేటును తెరిచి ఉంచే పరికరాల) గదిలో ఐదు నిమిషాలు ఇరుక్కోగానే కొందరు వీడియో తెరిచారు. ఎలాగూ చూసేశారు కనుక, ఆ వీడియో మీ దగ్గర నుంచి ఏం లాక్కుందో విప్పి చెబుతాను.

గేటు బయట రెండు జామర్లు ఉన్నాయి. లోపల రెండూ కావాలి. మీరు ఒకసారికి ఒక్క వస్తువే మోయగలరు. మొదటి జామర్‌ను గేటు మీదకు గురిపెడితే గేటు తెరుచుకుంటుంది, రెండోదాన్ని లోపలికి తీసుకువెళతారు. మొదటిది బయటే ఉండిపోతుంది. దాన్ని తీస్తే గేటు మూసుకుంటుంది. కాబట్టి ఒక జామర్ తక్కువైందని తేల్చేస్తారు. ఇప్పుడు ఆగి, గేటును బయటి నుంచే పట్టి ఉంచాలని ఎవరు చెప్పారో అడగండి. ఆట చెప్పలేదు. మీకు మీరే చెప్పుకున్నారు. లోపలికి తెచ్చిన రెండో జామర్‌ను వెనక్కి తిప్పి అదే గేటు మీద పెట్టండి. బయటికి వెళ్ళి మొదటిదాన్ని తెచ్చుకోండి, గేటు తెరిచే ఉంటుంది. తర్వాత రెండోదాన్ని తీసుకోండి. గేటు మీ వెనక మూసుకుంటుంది, రెండూ మీ దగ్గరే ఉంటాయి. వీడియో చూసినవారికి ఈ వరుస తెలిసింది. ‘బయటి నుంచే’ అన్న మాటను తమలో పట్టుకునే అవకాశం మాత్రం పోయింది, ఆ గదిలో అది మళ్ళీ రాదు.

క్రొయేషియాకు చెందిన క్రోటీమ్ సంస్థ ఈ జామర్‌ను నిజానికి తన కాల్పుల ఆట ‘సీరియస్ శామ్ 4’ కోసం తయారుచేసుకుంది. దానితో చేసిన ప్రయోగాలే పెరిగి 2014లో వేరే ఆటగా బయటికి వచ్చాయి. అందుకే కథను పజిల్ నుంచి విడదీసి చదవవద్దంటాను. ఆటలో దేవుడిలా మాట్లాడే ఎలోహిమ్ గొంతు “తోటంతా మీదే, ఆ గోపురం మాత్రం ఎక్కవద్దు” అంటుంది. ఆ మాటనూ జామర్ గదిలో అడిగినట్టే అడగండి.

టాలోస్ గ్రీకు పురాణంలో క్రీట్ దీవికి కాపలా కాసే కంచు మనిషి. ఒంట్లో ఒకే ఒక్క నాళం, మడమ దగ్గర దానికొక మేకు. మెడియా అనే మంత్రగత్తె వల్ల ఆ మేకు ఊడి, లోపలి ద్రవం కారిపోయి చనిపోయాడు. ఆటలో కనిపించే స్ట్రేటన్ అనే కల్పిత తత్వవేత్త దీన్ని పట్టుకుని, రక్తం పోతే మనిషీ పడిపోతాడు, మరి మనిషిని యంత్రమని ఎందుకు అనకూడదని అడుగుతాడు. ఆట మొదట్లో ఎండకు అడ్డుపెట్టుకున్న మీ చెయ్యి లోహపు చెయ్యి, గుర్తుందా?

నేను టెర్మినల్‌ను పజిల్ విప్పిన తర్వాతే చదువుతాను, అప్పుడే మనసు తెరిచి ఉంటుంది. ఇరవై నిమిషాల్లో తేలకపోతే పక్క గదికి వెళతాను. ‘ఔటర్ వైల్డ్స్’ అనే మరో వీడియో గేమ్‌లో కూడా ఇదే పద్ధతి. ఆ ఆటలో 22 నిమిషాల కాలచక్రం ముగిసి అంతా మళ్ళీ మొదలైన ప్రతిసారీ మీకు మిగిలేది తెలుసుకున్నది మాత్రమే.

అభ్యాసం: ఏడు రోజులు వీడియోలు వద్దు. ప్రతి గది తర్వాత ‘ఇది తప్పదనుకున్నాను, తప్పింది’ అని ఒక వాక్యం రాయండి. ఆపైన ‘వ్యక్తి’కి మీ నిర్వచనం ఒక పేజీలో రాసి, పసిబిడ్డ, స్పృహ లేని రోగి, ఆటలోని మీ రోబో ముగ్గురి మీదా పరీక్షించండి. ముగ్గురిలో ఎవరిని వదిలేసినా కారణం రాయాలి. ఆ పేజీ దగ్గర పెట్టుకునే ఐదో పాఠానికి రండి, లేజర్లు అందులో.