ఆప్ట్ పిన్నింగ్‌లో ప్యాటర్న్ తప్పు లేకుండా రాయడం ఎలా?

డెబియన్ స్టేబుల్ వాడుతూ కెర్నల్ ఒక్కటే బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్ కోసం తయారుచేసిన కొత్త వెర్షన్ల రిపాజిటరీ) నుంచి కొత్తది కావాలంటే పిన్నింగే సరైన దారి. పిన్నింగ్ అంటే ఏ ప్యాకేజీ ఏ రిపాజిటరీ నుంచి రావాలో డెబియన్ ప్యాకేజ్ మేనేజర్ ఆప్ట్‌కు ప్రయారిటీ అంకెతో చెప్పడం. "మైనస్ టీ ఆప్షన్‌తో ఇన్‌స్టాల్ చేస్తే పోలా" అంటారు చాలామంది. అలా చేస్తే ఆ కమాండ్ నడిచినంతసేపు బ్యాక్‌పోర్ట్స్ మొత్తానికీ 990 ప్రయారిటీ వచ్చేస్తుంది. మీరు అడగని డిపెండెన్సీలూ అక్కడి నుంచే దిగుతాయి. పిన్ అయితే మీరు పేరు రాసినవాటికే వర్తిస్తుంది.

ఆప్ట్ సోర్సెస్‌లో ట్రిక్సీ-బ్యాక్‌పోర్ట్స్ (ట్రిక్సీ అంటే డెబియన్ 13) చేర్చి ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి. ఈటీసీలోని ఆప్ట్ ఫోల్డర్‌లో ప్రిఫరెన్సెస్.డి ఉంటుంది. అక్కడ రూట్‌గా 'కెర్నల్.ప్రెఫ్' అనే ఫైల్ తెరవండి. డాట్ కాన్ఫ్ అని పేరు పెడితే ఆప్ట్ దాన్ని చదవదు. ఫైల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో మూడే లైన్లు:

ప్యాకేజ్: లైనక్స్-ఇమేజ్-* లైనక్స్-హెడర్స్-*
పిన్: రిలీజ్ ఎన్=ట్రిక్సీ-బ్యాక్‌పోర్ట్స్
పిన్-ప్రయారిటీ: 500

మామూలు రిపాజిటరీల ప్రయారిటీ 500, బ్యాక్‌పోర్ట్స్‌ది 100. రెండూ 500 అయితే పెద్ద వెర్షన్‌దే గెలుపు, మనకు కావలసిందీ అదే. ఎక్కడో చూసి 1001 రాయకండి. అంకె 1000కి చేరితే ఆప్ట్ వెర్షన్‌ను వెనక్కి దించడానికి కూడా వెనకాడదు.

అందరూ బోర్లా పడేది మొదటి లైన్‌లోనే. అక్కడ గ్లాబ్ (పైన రాసినట్టు నక్షత్రంతో రాసే ప్యాటర్న్) రాయొచ్చు, లేదా రెండు స్లాష్‌ల మధ్య రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రెగెక్స్) రాయొచ్చు. నా మాట వినండి, గ్లాబే రాయండి. గ్లాబ్ పూర్తి పేరుతో సరిపోవాలి. రెగెక్స్ అలా కాదు, పేరులో ఎక్కడ తగిలినా పట్టేస్తుంది. స్లాష్‌ల మధ్య ఉత్త 'లైనక్స్' అని రాసి చూడండి: యుటిల్-లైనక్స్ వలలో పడుతుంది, ఎస్‌ఈలైనక్స్ లైబ్రరీ లిబ్‌సెలైనక్స్1 కూడా పడుతుంది. సిస్టమ్ నిలబడేదే వాటి మీద. బ్యాక్‌పోర్ట్స్‌లోకి వాటి కొత్త వెర్షన్ ఎప్పుడు వస్తే అప్పుడు, తర్వాతి అప్‌గ్రేడ్‌లో అడక్కుండా ఎక్కేస్తాయి. రెగెక్స్ తప్పదంటే ముందు టోపీ గుర్తు, చివర డాలర్ గుర్తు పెట్టి తీరాలి.

వల చిన్నదైనా తిప్పలే. ఇమేజ్ మాత్రమే రాసి హెడర్స్ వదిలేస్తే కొత్త కెర్నల్ వస్తుంది, దాని హెడర్స్ రావు. డీకేఎంఎస్ మాడ్యూల్స్ (ప్రతి కొత్త కెర్నల్‌కూ మళ్లీ బిల్డ్ అయ్యే డ్రైవర్లు) బిల్డ్ కావు. రీబూట్ అయ్యాక వైఫై పోయిందని, గ్రాఫిక్స్ పోయిందని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఇంకొకటి. ప్యాకేజ్ లైన్‌లో ఒంటరి నక్షత్రం గ్లాబ్ కాదు, అది 'అన్నిటికీ' అనే సాధారణ రూల్. పేరుతో రాసిన రూల్ దాన్ని ఎప్పుడూ దాటేస్తుంది, అంకె తక్కువైనా సరే. పేరుతో రాసిన రూల్స్‌లో మాత్రం ఒకే ప్యాకేజీ రెండింటిలో పడకుండా చూసుకోండి. ఏది నెగ్గుతుందో ఊహిస్తూ కూర్చునే పని ఉండకూడదు.

ఫైల్ సేవ్ చేశాక ఆప్ట్-క్యాష్ పాలసీ కమాండ్‌ను ఏ పేరూ ఇవ్వకుండా నడపండి. పిన్ అయిన ప్యాకేజీల జాబితా అడుగున వస్తుంది, ఒక్కో పేరూ చదవండి. తర్వాత అదే కమాండ్‌కు యుటిల్-లైనక్స్ పేరు ఇవ్వండి. పట్టకూడనిది పట్టలేదని చూసుకోవడమే అసలు పరీక్ష. బ్యాక్‌పోర్ట్స్ వెర్షన్ ఉంటే దాని పక్కన 100 కనిపించాలి. 500 కనిపిస్తే ప్యాటర్న్ దిద్ది, మళ్లీ పాలసీ చూశాకే అప్‌గ్రేడ్ చేయండి.