వేరే మతగ్రంథం ఎక్కడ తెరవాలి?

విజయవాడ ఏలూరు రోడ్డులో తెలుగు ఖురాన్ కొని, నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, రెండో అధ్యాయంలోనే చతికిలపడ్డాను. దానిలో 286 వాక్యాలు మరి! మొత్తం 114 అధ్యాయాలు. మొదటిదాన్ని మినహాయిస్తే దాదాపుగా పెద్దవి ముందు, చిన్నవి వెనుక. కాలక్రమం కాదు.

కాబట్టి 12వ అధ్యాయం తెరవండి. యూసుఫ్ కథ మొదటి నుంచి చివరిదాకా 111 వాక్యాల్లో ఉంటుంది, ఒక సాయంత్రం చాలు. మరునాడు బైబిలు ఆదికాండంలో 37, 39 అధ్యాయాలు చదవండి. అక్కడ యూసుఫ్ పేరు యోసేపు. మనిషి అతనే, అన్నల అదే అసూయ. బట్ట దగ్గర మాత్రం ఆగండి. బానిసగా అమ్ముడుపోయిన అతన్ని యజమాని భార్య బట్ట పట్టుకు లాగుతుంది, అతను తప్పించుకు పారిపోతాడు, ఆమె నింద అతని మీదే వేస్తుంది. ఆదికాండంలో ఆమె చేతిలో మిగిలిన వస్త్రం అతన్ని జైలుకు పంపుతుంది. ఖురాన్‌లో వెనుకవైపు చిరిగిన చొక్కాయే అతని నిర్దోషిత్వానికి సాక్ష్యం. నేనైతే పెన్సిల్‌తో గీత గీసుకున్నాను, బైబిలులో మాత్రమే. ఖురాన్ ప్రతిలో గీతలు చాలామందికి నచ్చవు, విడి కాగితం పెట్టుకోండి.