పడవ ఇంజన్‌లో చెయ్యి పట్టని స్పార్క్ ప్లగ్గులు మార్చడం: నా అనుభవం

ప్రకాశం బ్యారేజీ ఎగువన తిరిగే పెట్రోల్ పడవ, వీ-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. వెనక రెండు ప్లగ్గులకీ చెక్క గోడకీ మధ్య అరచెయ్యి దూరదు.

ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) 5 నిమిషాలు తిప్పి, అడుగున పెట్రోల్ వాసన లేదని చూసుకున్నాకే బ్యాటరీ నెగటివ్ వైరు తీశాను. ఇంజన్ చల్లారాలి, వేడి మీద విప్పితే మరలు పోతాయి. ప్లగ్గు వైర్లన్నీ ఒకేసారి పీకొద్దు, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) తారుమారవుతుంది. ప్లగ్గు చుట్టూ ఉన్న ఇసుక, తుప్పు గాలితో ఊదెయ్యాలి, లేదంటే నేరుగా సిలిండర్‌లోకే.

వెనక వాటికి 16 మి.మీ. ప్లగ్ సాకెట్, యూనివర్సల్ జాయింట్ (ఎటైనా వంగే అతుకు), రెండు పొట్టి ఎక్స్‌టెన్షన్లు సరిపోయాయి. ఆటోనగర్ సరుకే.

బిగించేటప్పుడే అసలు జాగ్రత్త. జానెడు రబ్బరు పెట్రోల్ పైపు కొత్త ప్లగ్గు తలకి తొడిగి వేళ్లతో తిప్పాను. మర అడ్డంగా పట్టుకుంటే పైపు జారిపోతుంది, ప్లగ్గు బిగించే సిలిండర్ హెడ్ బతుకుతుంది. సాకెట్‌తో మొదలుపెడితే ఆ సంగతి చేతికి తెలియదు. వేళ్లతో పూర్తిగా బిగిశాక సాకెట్‌తో, వాషరు లేని ఏటవాలు సీటు ప్లగ్గైతే 1/16 చుట్టు, వాషరున్న కొత్తదైతే 1/2 చుట్టు చాలు. గ్యాప్ (ప్లగ్గు కొనలో నిప్పురవ్వ దూకే సందు) మాత్రం ఇంజన్ మాన్యువల్ ప్రకారమే.

తీసిన 8వ ప్లగ్గు పింగాణీ మీద వెంట్రుకంత నల్లగీత ఉంది. ఇంజన్ తడబాటు దానివల్లే.