1943లోకి అడుగుపెట్టే ముందు: సైలెంట్ హంటర్‌లో డిస్ట్రాయర్ల బారిన పడకుండా జాగ్రత్తలు

సైలెంట్ హంటర్ 3 అనేది రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గామి (యూ-బోటు) కెప్టెన్‌గా ఆడే కంప్యూటర్ ఆట. అందులో 1939 నుంచి కెరీర్ మొదలుపెట్టినవాళ్లకి తొలి రెండేళ్లు దర్జాగా గడిచిపోతాయి. రాత్రిపూట నీటిపైనే తేలుతూ కాన్వాయ్ (గుంపుగా వెళ్లే సరుకు ఓడల) వరుసల మధ్యకి దూరడం, నాలుగు టార్పెడోలు వదలడం, మంటల వెలుగులో కాసేపు తమాషా చూసి మెల్లగా జారుకోవడం. అదే అలవాటుతో 1942 చివరికి చేరేసరికి కథ తిరగబడుతుంది. కాన్వాయ్‌కి కాపలా కాసే యుద్ధనౌకల వాళ్లు, అంటే డిస్ట్రాయర్లవాళ్లు, చీకట్లోనే పసిగడతారు. మునిగితే వదలరు. ఒకడు పక్కకి తప్పుకుంటే ఇంకొకడు వచ్చి నెత్తిమీద నిలబడతాడు. చాలామంది విసుగెత్తి ఆ కెరీర్‌ని అక్కడే వదిలేసి మళ్లీ 1939కి పోతుంటారు.

ఇందులో ఆట చేస్తున్న అన్యాయమేమీ లేదు. యుద్ధం నడిచిన తీరులోనే ఎస్కార్టు (కాపలా) ఓడల చేతికి ఏడాదికేడాదీ కొత్త సామాను అందిస్తోంది, అంతే. 1941లో సెంటీమెట్రిక్ రాడార్, 1942లో ముందుకి బాంబులు విసిరే హెడ్జ్‌హాగ్, ఆ తర్వాత లోతు కూడా కొలవగలిగే ఆస్డిక్ (ప్రతిధ్వనితో జలాంతర్గామిని వెతికే పరికరం). 1943 మే ఒక్క నెలలోనే జర్మనీ 41 యూ-బోట్లు పోగొట్టుకుంది. ఆ నెల 24న జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి తన బోట్లని వెనక్కి పిలిపించుకున్నాడు. అసలు కెప్టెన్లకే దిక్కుతోచని చోటికి మనం కీబోర్డు పట్టుకుని వెళ్తున్నాం. కాస్త ముందుచూపు కావాలి.

నేను టైప్ 7సి బోటునీ, బ్రిటిష్ ఎస్కార్టులనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 2024లో పూర్తి వెర్షన్ వచ్చిన యూబోట్ అనే ఆట ఆడేవాళ్లకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. ఎందుకంటే నీళ్లలో శబ్దం ప్రయాణించే పద్ధతి రెండు ఆటలకీ ఒకటే.

దాడికి ముందే

తప్పించుకోవడం డిస్ట్రాయర్ మనవైపు తిరిగాక మొదలుపెట్టే పని కాదు. టార్పెడో వదిలేలోపే అందులో సగం అయిపోయి ఉండాలి.

మొట్టమొదట అడుగున ఎంత నీరుందో నావిగేటర్‌ని అడగండి. నావిగేషన్ మ్యాప్‌లో లేత నీలం కనిపిస్తే అది లోతులేని చోటు. నా లెక్కలో 150 మీటర్ల నీరు కూడా లేనిచోట ఎస్కార్టు ఉన్న కాన్వాయ్ జోలికి పోకూడదు, అందులో ఎంత పెద్ద ట్యాంకరున్నా సరే. ఇంగ్లిష్ చానల్‌లోనో ఉత్తర సముద్రం దక్షిణ భాగంలోనో దాడి చేసి, ఆ తర్వాత కింద చోటు లేదని బాధపడి లాభం లేదు. అడుగున ఇసుకలో కూర్చుని ఇంజన్లు ఆపేస్తే కనపడమనే ఆశ కూడా వద్దు. కదలకపోతే హైడ్రోఫోన్‌కి (నీళ్లలో చప్పుడు వినే పరికరానికి) వినపడరు గానీ ఆస్డిక్ మనం కదులుతున్నామా లేదా అని చూడదు, తగిలిన ఉక్కు నుంచి ప్రతిధ్వని వస్తే చాలు దానికి.

తర్వాత బ్యాటరీ. 7సి బోటు నీటికింద 4 నాట్ల వేగంతో 80 నాటికల్ మైళ్లు వెళ్లగలదు, అంటే సుమారు 20 గంటలు. గరిష్ఠ వేగం 7.6 నాట్లు. ఆ వేగంతో పోతే బ్యాటరీ మీ కళ్లముందే కరిగిపోతుంది. పగలంతా మునిగి వెంబడించి, సగం బ్యాటరీతో సాయంత్రం దాడికి దిగేవాడికి రాత్రి గడవదు. రియలిజం సెట్టింగుల్లో పరిమిత బ్యాటరీ, పరిమిత ఆక్సిజన్, పరిమిత కంప్రెస్డ్ ఎయిర్ ఆన్ చేసి ఆడేవాళ్లు ఈ మూడింటినీ దాడికి ముందు ఒకసారి చూసుకోవాలి. కంప్రెస్డ్ ఎయిర్‌ని మరీ మరిచిపోతారు. బోటు దెబ్బతిని మునిగిపోతున్నప్పుడు ట్యాంకుల్లో నీళ్లు బయటికి నెట్టి పైకి తేల్చేది అదే.

పగటిపూట దాడికి టి1 టార్పెడో వాడకండి. అది ఆవిరితో నడిచేది, 44 నాట్ల వేగం ఉన్నా వెనకాల తెల్లటి బుడగల చార వదులుతుంది. ఆ చార వెంట నేరుగా మీ దగ్గరికే వస్తారు. టి2 ఎలక్ట్రిక్, 30 నాట్లే పోతుంది గానీ ఆనవాలు ఉండదు. పెరిస్కోప్ విషయంలోనూ ఇదే పొదుపు కావాలి. సముద్రం ప్రశాంతంగా ఉన్నరోజు దాన్ని నిమిషాల తరబడి పైకెత్తి ఉంచడమంటే చెయ్యెత్తి పిలవడమే.

ఇక పారిపోయే దారి. ఎస్కార్టులు ఎన్ని, ఎటువైపు ఉన్నాయి, వెనకాల ఊడ్చుకుంటూ వచ్చేది ఉందా అన్నది పేలుడుకి ముందే తెలిసి ఉండాలి. పేలాక చూసుకునే తీరిక ఉండదు. నాకు నచ్చే దారి కాన్వాయ్ కిందకే. టార్పెడోలు వదిలిన వెంటనే లోతుకి దిగుతూ సరుకు ఓడల కింద చేరితే, వాటి ప్రొపెల్లర్ల రొదలో మన చప్పుడు కలిసిపోతుంది. ఎస్కార్టులు మనల్ని బయటివైపు వెతుకుతుంటాయి. కాన్వాయ్ మీద నుంచి దాటిపోయాక మాత్రం ఆ గొడుగు ఉండదు, అప్పటికి మీరు కనీసం 150 మీటర్ల లోతున ఉండాలి.

పింగ్ మొదలయ్యాక

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం నిదానంగా చెప్తాను.

డిస్ట్రాయర్‌కి రెండు చెవులు. హైడ్రోఫోన్ మన చప్పుడు వింటుంది, ఆస్డిక్ తన శబ్దం (పింగ్) పంపి ప్రతిధ్వని వింటుంది. బుల్లెట్ బండి మీద దూసుకుపోతూ ఫోన్ మాట్లాడేవాడికి అవతలి మాట వినపడనట్టే, వేగం పెరిగేకొద్దీ ఓడకి తన రొదలో మన చప్పుడు వినపడదు. ఆస్డిక్‌కి ఇంకో లోపం ఉంది. దాని శబ్దకిరణం ముందుకి వాలి ఉంటుంది గానీ నేరుగా కిందికి చూడలేదు. కాబట్టి డిస్ట్రాయర్ దాదాపు మన నెత్తిమీదికి వచ్చేసరికి, సుమారు ఆఖరి 180 మీటర్లు, మనం దానికి కనపడం. మనం ఎంత లోతున ఉంటే ఈ గుడ్డి దూరం అంత పెరుగుతుంది. డెప్త్ చార్జ్‌లేమో (నీళ్లలో పెట్టిన లోతుకి చేరాక పేలే బాంబులు) ఓడ వెనక నుంచి, పక్కల నుంచి పడతాయి. అంటే అది గుడ్డిగా మన మీద నుంచి దాటాకే వేయాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 15 నాట్ల వేగంతో వచ్చే ఓడ ఆఖరి 180 మీటర్లు దాటడానికి 23 సెకన్లు పడుతుంది. బ్రిటిష్ మార్క్ 7 డెప్త్ చార్జ్ నీళ్లలో సెకనుకి సుమారు 3 మీటర్లు దిగుతుంది, 150 మీటర్లకి చేరడానికి 50 సెకన్లు. మొత్తం 73 సెకన్లు మీవి. 2 నాట్లతో పాకుతూ ఉంటే ఆ సమయంలో 75 మీటర్లు కదులుతారు. మోటార్లు పూర్తిగా తెరిచి సగటున 6 నాట్లు రాబడితే 225 మీటర్లు. అదే 50 మీటర్ల లోతున ఉంటే మీకు దక్కేది 40 సెకన్లే. డెప్త్ చార్జ్ మన బోటు ఉక్కు తొడుగుని చీల్చాలంటే సుమారు 6 నుంచి 8 మీటర్ల దూరంలో పేలాలి. కాబట్టి పెద్ద దూరాలు అక్కర్లేదు, వాడు అనుకున్న చోట మనం లేకపోతే చాలు.

దీన్నిబట్టి కిటుకు దొరుకుతుంది: వాడు రొద చేస్తున్నప్పుడే మనం రొద చేయాలి. పింగ్‌ల మధ్య విరామం తగ్గుతూ, ప్రొపెల్లర్ చప్పుడు హైడ్రోఫోన్ అవసరం లేకుండానే వినపడేంత దగ్గరికి వచ్చినప్పుడు ఫ్లాంక్ స్పీడ్ (గరిష్ఠ వేగం) ఇచ్చి చుక్కాని ఒకవైపుకి పూర్తిగా తిప్పండి. డెప్త్ చార్జ్‌లు నీళ్లలో పడ్డాయని సిబ్బంది అరిచేదాకా ఆగితే ఆ 23 సెకన్లూ పోయినట్టే. పేలుళ్లు సాగుతున్నంతసేపూ, ఆ తర్వాత నీళ్లు కలకబారి ఉన్న కాసేపూ పరుగు కొనసాగించవచ్చు. తర్వాత వెంటనే 2 నాట్లకి తగ్గి, సైలెంట్ రన్నింగ్ (చప్పుడు చేయకుండా నడపడం). ఈ తగ్గడం దగ్గరే చాలా కెరీర్లు ముగుస్తాయి. పేలుళ్లు ఆగాక కూడా ఫ్లాంక్ స్పీడ్‌లోనే పోతుంటే, తిరిగి వస్తున్న డిస్ట్రాయర్‌కి ఆస్డిక్ కూడా అవసరం లేదు.

క్రాష్ డైవ్ (అత్యవసరంగా మునగడం) చేసినప్పుడు కూడా ఇదే ప్రమాదం. ఆ బటన్ నొక్కితే బోటు పూర్తి వేగంతో దిగుతుంది, దిగాక తనంతట తాను నెమ్మదించదు. వేగం తగ్గించమని మీరే చెప్పాలి.

దాడికీ దాడికీ మధ్య బోటుని పక్కకి తిప్పి పెట్టకండి. 67 మీటర్ల పక్కభాగం ఆస్డిక్‌కి గోడలా కనిపిస్తుంది, 6 మీటర్ల వెనకభాగం నుంచి బలహీనమైన ప్రతిధ్వనే వస్తుంది. ఇక్కడ వెన్ను చూపించడం పిరికితనం కాదు. ఎస్కార్టు ఎటుంటే అటు తోక పెట్టి దూరం పెంచుకోండి. సైలెంట్ రన్నింగ్‌లో మరమ్మతులు, టార్పెడో లోడింగ్ రెండూ ఆగిపోతాయని గుర్తుంచుకోండి. నీళ్లు కారుతుంటే ఏది ముందో మీరే తేల్చుకోవాలి. నా ఓటు: లీకు పెద్దదైతే, పైన పేలుళ్లు వినపడుతున్నంతసేపు మాత్రం సైలెంట్ రన్నింగ్ తీసేసి మరమ్మతు చేయించి, అవి ఆగగానే మళ్లీ పెట్టేయడం.

విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లొచ్చినవాళ్లకి లోపలి ఇరుకు గుర్తుండే ఉంటుంది. అది 91 మీటర్ల పొడవున్న ఫాక్స్‌ట్రాట్ తరగతి బోటు. 7సి దానికన్నా 24 మీటర్లు పొట్టి, అందులో 44 మందో ఇంకా ఎక్కువమందో ఉండేవాళ్లు. ఆటలో ఒక అధికారి గుసగుసగా మాట్లాడటం మొదలుపెడితే నవ్వు రావచ్చు గానీ, ఆ ఇరుకులో ఒక పానా కిందపడితే ఎంత మోగుతుందో ఆ ఇనుప గొట్టంలో నడిచినవాళ్లకి తెలుస్తుంది.

ఒకటి కాదు, రెండు

పైన చెప్పిందంతా ఒక్క డిస్ట్రాయర్‌కి. 1943 తర్వాత ఒక్కటే రావడం అరుదు. ఒకటి దూరంగా ఆగి వింటూ ఉంటుంది, రెండోది మీదికొస్తుంది. అప్పుడు మీదికొచ్చేవాడి చెవుడు మీకు పూర్తిగా ఉపయోగపడదు, ఆగి ఉన్నవాడు వింటూనే ఉంటాడు కాబట్టి. బ్రిటిష్ నౌకాదళంలో కెప్టెన్ ఫ్రెడరిక్ జాన్ వాకర్ దీన్నే ఒక కళగా మార్చాడు. ఒక ఓడ దూరం నుంచి ఆస్డిక్‌తో పట్టుకుని ఉంటే, రెండోది పింగ్ చేయకుండా నిదానంగా పాకుతూ వచ్చి నెత్తిమీద గుమ్మరిస్తుంది. కింద ఉన్నవాళ్లకి హెచ్చరికే ఉండదు. 1944 మొదట్లో ఆయన బృందం ఒక్క గస్తీలోనే 6 యూ-బోట్లు ముంచింది.

ఇలాంటప్పుడు కచ్చితంగా గెలిపించే చిట్కా లేదు. ఆగి ఉన్నవాడు ఎటున్నాడో గుర్తుపట్టి, తోక వాడివైపు పెట్టి, పరుగు పెట్టే సమయాన్ని సగానికి తగ్గించండి. బోల్డ్ గుళికలు ఉంటే ఇప్పుడు వాడండి. నీళ్లలో బుడగల మేఘం లేపి ఆస్డిక్‌కి తప్పుడు ప్రతిధ్వని ఇస్తాయవి. వదిలిన వెంటనే దిశ మార్చకపోతే మాత్రం దండగ.

హెడ్జ్‌హాగ్ వేరే రకం. 24 బాంబులు ఓడ ముందుకే విసురుతుంది, కాబట్టి ఆఖరి గుడ్డి దూరం దానికి అడ్డం కాదు. తగిలితేనే పేలుతుంది, లేకపోతే చప్పుడే ఉండదు. డిస్ట్రాయర్ మామూలుకన్నా నెమ్మదిగా, నేరుగా వస్తోందంటే నెత్తిమీదికి వచ్చేదాకా ఆగకుండా ముందే తిరగాలి.

లోతు ఆశ్రయమే గానీ దానికీ హద్దుంది. 7సికి పరీక్షించిన లోతు 230 మీటర్లు. అది దెబ్బతగలని తొడుగుకి. రెండు పేలుళ్లు దగ్గరగా పడ్డాక 200 దగ్గరే ఉక్కు మూలగడం వినిపిస్తే, అక్కడ ఆగి ఓ పాతిక మీటర్లు పైకి రండి. సైలెంట్ హంటర్ 4 ఆడేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. అందులో ఉష్ణోగ్రత మారే నీటిపొర ఉంటుంది, దాని కిందకి దిగితే పైనున్నవాళ్లకి మన జాడ మసకబారుతుంది.

తిరగబడి కొట్టాలనిపిస్తుంది, తెలుసు. 1943 సెప్టెంబరు నుంచి శబ్దాన్ని వెతుక్కుంటూ పోయే టి5 టార్పెడో వాడుకలోకి వచ్చింది. అది ఎవరి శబ్దమని అడగదు. అందుకే అసలు కెప్టెన్లకి, వదలగానే 60 మీటర్లకి దిగి నిశ్శబ్దంగా ఉండమని ఆదేశం ఉండేది. మీరూ అదే చేయండి, మీదికొస్తున్నవాడు ఒక్కడే అయితేనే.

చివరిగా ఓపిక. 1944లో యూ-358ని ఫ్రిగేట్ల (ఒక రకం ఎస్కార్టు ఓడల) బృందం 38 గంటలు వెంటాడింది. ఆటలో అంత ఉండదు గానీ, పింగ్ ఆగిన పావుగంటకే పైకి తేలేవాళ్లు పక్కన ఇంజన్లు ఆపి కూర్చున్న ఓడకి దొరికిపోతారు. హైడ్రోఫోన్ దగ్గరికి మీరే వెళ్లి 360 డిగ్రీలూ తిప్పి వినండి, పెరిస్కోప్ లోతుకి వచ్చి చుట్టూ చూడండి, వీలైతే చీకటి పడ్డాకే తేలండి. తేలాక ముందు బ్యాటరీ, తర్వాతే టార్పెడోల లోడింగ్. గేమ్ సేవ్ చేయడం మాత్రం అన్నిటికన్నా ఆఖరున: నీటిపైకి వచ్చి, చుట్టుపక్కల ఏ ఓడా లేదని తేలాకే చేయండి. మునిగి ఉన్నప్పుడో డిస్ట్రాయర్లు దగ్గర ఉన్నప్పుడో చేసిన సేవ్, తెరవబోతే ఆట కుప్పకూలడం ఈ సిరీస్‌లో పాత జబ్బు.