కాలితో బొమ్మలు వేసే కళాకారుడి జీవితాన్ని సినిమాగా తీయాలంటే

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) వల్ల ఎడమకాలితో బొమ్మలు వేసిన డబ్లిన్ చిత్రకారుడు, రచయిత క్రిస్టీ బ్రౌన్ (1932–1981) జీవితం మీద జిమ్ షెరిడాన్ 1989లో ‘మై లెఫ్ట్ ఫుట్’ తీశాడు. ఆస్కార్ తెచ్చిన డేనియల్ డే-లూయిస్ నటన గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఇలాంటి సినిమా తీయబోయేవాళ్లు చూడాల్సింది దాని మొదటి దృశ్యం. ఒక పాదం గ్రామఫోన్ రికార్డు తీసి, పెట్టి, దాని మీద ముల్లు ఆనిస్తుంది. పనికి పట్టే సమయమంతా తెర మీద ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీతో బతికే కళాకారుడి మీద డాక్యుమెంటరీ తీసినా, నటుడితో కథాచిత్రం తీసినా అసలు సరుకు ఆ సమయమే. స్పీడు పెంచి చూపిస్తే అది పోయినట్టే.

ముందు కాగితం పని. కళాకారుడు పెద్దవాడైతే ఒప్పందం అతడితోనే జరగాలి. అన్నయ్య సంతకమో అమ్మ మాటో సరిపోదు. సంతకం కాలితో పెట్టినా, వేలిముద్ర వేసినా సరే, చదివి వినిపించి వీడియో తీసి ఉంచండి. బొమ్మల కాపీరైట్ వేసినవాళ్లదే కాబట్టి వాటిని సినిమాలో, పోస్టరులో వాడుకోవడానికి విడిగా రాయించుకోవాలి. గడువు, ప్రాంతం రాయకపోతే మన కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు 5 ఏళ్లకు, భారతదేశానికి మాత్రమే పరిమితమవుతుంది. తర్వాత ఓటీటీ వాళ్లు అడిగినప్పుడు చాలా సినిమాలు ఇక్కడే ఇరుక్కుంటాయి. కళాకారుడు ఏదైనా చిత్రకారుల సంఘంలో సభ్యుడైతే, పునర్ముద్రణ హక్కులు ఆ సంఘానికి ఇచ్చేశాడేమో ముందే అడగండి.

షెడ్యూలు కళాకారుడి ఒంటిని బట్టి వేసుకోవాలి. మందులు ఏ వేళకు పనిచేస్తాయి, భోజనం తర్వాత ఎంతసేపటికి కండరాలు బిగుస్తాయి అన్నది రోజూ దగ్గరుండి చూసుకునేవాళ్లకు తెలుస్తుంది. ఒక విడతకు 40 నిమిషాలు, తర్వాత అంతే విరామం అనుకుని మొదలుపెట్టి, అతడు చెప్పినదాన్ని బట్టి మార్చుకోండి. గదిలో నలుగురికి మించి ఉండొద్దు. ఆందోళన పెరిగితే అదుపులో లేని కదలికలూ పెరుగుతాయి, దాంతో గీత చెడిపోతుంది. ఈ చిక్కు తెచ్చేది తరచుగా మన యూనిట్టే. అన్నిటికంటే చెడ్డది క్లాప్. ఫట్‌మని కొడితే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లలో చాలామందికి ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది, పట్టుకున్న కుంచె ఎగిరిపోతుంది. షాట్ చివర్లో, కుంచె కింద పెట్టాక, మెల్లగా కొట్టించండి. లేదా కెమెరానూ సౌండ్ రికార్డరునూ ఒకే గడియారానికి కలిపే టైమ్‌కోడ్ వాడండి.

పాదాన్ని పక్క నుంచి తీసే కెమెరా నేలకు 15–20 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మామూలు ట్రైపాడ్ అంత కిందికి దిగదు. ఇసుక సంచి మీద పెట్టుకోవచ్చు. నిలబడి పైనుంచి తీస్తే పాదం చిన్నదై, ప్రేక్షకుడు జాలితో కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. రెండు కెమెరాలు తప్పనిసరి, ఎందుకంటే పడిన గీతకు రీటేక్ లేదు. ఒకటి కాగితం మీదికి నిలువుగా బిగించి ఉంచండి, రెండోది పక్క నుంచి పాదాన్నీ ముఖాన్నీ ఒకే ఫ్రేమ్‌లో పట్టాలి. లెన్స్‌ను బాగా తెరిచి f/1.8లో పెడితే బ్యాక్‌గ్రౌండ్ మసకగా అందంగా వస్తుందని ఆశపడొద్దు. కాలు ఒక్కసారి ముందుకు జరిగితే ఫోకస్ పోతుంది. f/4 నుంచి f/5.6 మధ్య ఉంచి, సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ షటర్ సెకనులో 1/50 వంతు పెడితే ట్యూబ్‌లైటు మిణుకుమిణుకు కూడా ఉండదు. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) రికార్డింగుకు 40 నిమిషాలకు సుమారు 30 జీబీ పడుతుంది. 64 జీబీ కార్డు పెడితే మధ్యలో మార్చే పని ఉండదు. తడి రంగు మెరవకుండా లైటును పక్క నుంచి 45 డిగ్రీల కోణంలో పెట్టండి. వీల్‌చైర్ తిరగడానికి ఒకటిన్నర మీటరు చోటు వదిలి, వైర్లన్నీ గోడవారగా పోనివ్వండి.

నటుడితో తీస్తే ఇంకో చిక్కు ఉంది. డే-లూయిస్‌కు కుడికాలితోనే పని వచ్చేది. అందుకే చాలా షాట్లను అద్దంలో తీసి ఎడమకాలిగా చూపించారు. ఇప్పుడు ఎడిటింగులో ఫ్లిప్ చేస్తే అయిపోతుంది, కాకపోతే ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ తిరగబడతాయి. గోడ గడియారం, క్యాలెండర్ మీది అక్షరాలు, చొక్కా జేబు, మగవాళ్ల బొత్తాలు ముందే చూసుకోవాలి. మన సినిమాల్లో ఎక్కువగా దొరికిపోయేది వెనకాల నిలబడ్డ అమ్మ పైట: కుడి భుజం మీదికి వెళ్లిపోతుంది. అలాంటి షాట్ కోసం అమ్మను ఫ్రేమ్ బయట నిలబెట్టండి.

మాట రికార్డు చేయడానికి గుండె మీద పెట్టే చిన్న మైకు పనికిరాదు. శరీరం కదిలినప్పుడల్లా బట్ట రాపిడి వినిపిస్తుంది. పొడవాటి కర్రకు బిగించిన బూమ్ మైకును తలకు పైన 50–60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. మాట స్పష్టంగా లేదని వేరొకరితో డబ్బింగ్ చెప్పించడం ఘోరం. పక్కన కూర్చున్న వదినగారు ‘ఏమంటున్నాడంటే’ అని అందుకోవడమూ ఇంచుమించు అంతే. తెలుగులోనే సబ్‌టైటిల్ వేయండి, రెండు వరుసలకు మించకుండా. అతడు వాడిన మాటలే వేయాలి, తిట్టు ఉంటే తిట్టు కూడా. సబ్‌టైటిళ్ల చిత్తుప్రతిని అతడికి చూపించాకే ఖాయం చేయండి. కుంచె కాగితాన్ని రాసుకునే చప్పుడు మీద ఏడుపు వయోలిన్ పోయకండి.

వ్యాఖ్యానం రాసేటప్పుడు ‘బాధితుడు’, ‘పాపం’, ‘అయినా సరే’ లాంటివి కొట్టేయండి. సినిమాల్లో వైకల్యాన్ని చూపించే తీరు మీద 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకసారి చదవండి. జాలి పుట్టించే మాటల సంగతి అందులో వివరంగా ఉంది.

తొలి ప్రదర్శనకు హాలు మాట్లాడుకునేటప్పుడు మెట్లు కొలవండి. 30 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే 1:12 వాలులో 3.6 మీటర్ల ర్యాంపు కావాలి. చాలా హాళ్లలో వేసే అడుగున్నర చెక్క పలక మీద వీల్‌చైర్ వెనక్కి పడిపోతుంది. హాలు వాళ్లు ‘నలుగురం ఎత్తుకొస్తాంలెండి’ అంటే ఇంకో హాలు చూసుకోండి.